తవ్వెడు తవుడుకి అమ్మిన ఇల్లు

పోయిన నెల విశాఖపట్నంలో మా అమ్మాయి ఫ్లాట్లో అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. తాళాలు వాచ్‌మన్ చేతికిచ్చి, ఫోన్లో ఓ మెసేజ్ పెట్టి, అడ్వాన్సు ఖాతాలో వేయించుకుని, ఎవరితోనూ పని లేకుండా వెళ్ళిపోయారు. ఇల్లు ఎలా ఉంచారో చూసొద్దామని మా అమ్మాయి బయల్దేరితే, ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని చేసేదేముందని నేనూ వెంట వెళ్ళాను. ఇల్లు అద్దంలా ఉంచారు. వంటింటి గట్టు తళతళలాడుతోంది, కుళాయిలు కారడం లేదు, గోడకి ఒక్క మేకు కూడా అదనంగా లేదు. ముచ్చటేసి, వాళ్ళావిడ చాలా శుభ్రమైన మనిషిలా ఉందే, ఎలా ఉండేదేమిటి అని అడిగాను. నేనెప్పుడూ చూడలేదమ్మా, అంతా బ్రోకరే కదా అంది. నాలుగేళ్ళు మన ఇంట్లో కాపురం చేసిన మనిషిని ఒక్కసారైనా చూడలేదా అని నేను నోరు తెరిస్తే, చూసి ఏం చేయాలి అంది. నిజమే, ఏం చేయాలి? ఇంటికొచ్చి పడుకున్నాక మా అత్తగారు గుర్తొచ్చింది. ఆవిడైతే ఈ ప్రశ్నకి ఎంత సేపైనా సమాధానం చెప్పేది.

అరవైల చివరి సంవత్సరాల్లో మా అత్తగారు శ్రీకాకుళంలో నాలుగు వాటాల ఇంటికి యజమానురాలు. యజమానురాలంటే మేడలూ మిద్దెలూ అనుకునేరు. నాగావళికి ఈవలి పక్క ఒక సందులో, వరసగా నాలుగు మట్టిగోడల వాటాలు, వాటన్నిటి మీదా ఒకటే పొడుగాటి తాటాకు కప్పు, ముందు ఒకటే అరుగు, వెనక ఒకటే నుయ్యి. మా మామగారు చిన్న వయసులోనే పోతే, ఊళ్ళో తన వాటాకొచ్చిన మెట్ట భూమి అమ్మేసి, బడికెళ్ళే కొడుకుని వెంటబెట్టుకుని టౌనుకొచ్చి ఆ వరస కొనుక్కుంది. భూమి అమ్మి తాటాకులు కొనుక్కుందని చుట్టాలందరూ నవ్వారట. ఆవిడ మాత్రం, భూమికి వాన కావాల, ఇంటికి వాన ఒద్దు, వాన కోసం ఎదురుసూసే ఓపిక నాకు నేదు అని తేల్చి చెప్పింది. చదువు లేదు, వేలిముద్ర మనిషి. కానీ ఆవిడ లెక్కల దగ్గర పెద్ద పెద్దవాళ్ళే నోరు మూసుకునేవారు.

నేను కళింగపట్నం దగ్గర పల్లె నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. సముద్రపు గాలీ, ఇసుకలో ఎండబెట్టిన చేపల వాసనా తప్ప మరేమీ తెలియని పిల్లని. అద్దెలంటే నెల కాగానే చెయ్యి చాచి పుచ్చుకునే సొమ్మనుకున్నాను. వచ్చిన ఏడాదే తెలిసింది, పుచ్చుకున్నదానికంటే పెట్టేదే ముందు నడుస్తుందని. ప్రతి వేసవిలోనూ కప్పు నేయించాలి, దానికే మూడు నెలల అద్దె ఎగిరిపోయేది. మట్టిగోడలకి పూతలు, పండక్కి సున్నాలు, మున్సిపాలిటీ పన్ను. నూతి చేంతాడు కూడా ఇంటిగలావిడే కొనాలి. ఆ చేంతాడు విషయంలో మా అత్తగారి పిసినారితనం సందులో అందరికీ తెలిసిందే. తెగినచోటల్లా ముడేసి, ముడి మీద ముడేసి, చివరికి తాడు కంటే ముళ్ళే ఎక్కువై, నీళ్ళు తోడే ఆడవాళ్ళ అరచేతులు కందిపోయేవి. అప్పటికి గానీ కొత్తది వచ్చేది కాదు.

ఇల్లు అద్దెకివ్వడంలోనూ ఆవిడ పద్ధతి ఆవిడదే. ఎవరైనా ఖాళీ ఉందా అని వస్తే ఉద్యోగం ఏమిటి, జీతమెంత అని అడిగేది కాదు. ఎండన పడొచ్చారు, నూతికాడికెల్లి కాళ్ళు కడుక్కు రండి అనేది. వాళ్ళు వెళ్ళి చేద వేస్తుంటే ఇక్కడ అరుగు మీద కూర్చుని చెవి రిక్కించేది. చేద ధనామని నూతిలో పడేసినవాళ్ళకి ఖాళీ లేదు. తాడు మెల్లిగా వదిలి, తోడుకున్నాక చేద గట్టు మీద బోర్లించినవాళ్ళకి వాటా ఇచ్చేది. అలా వచ్చినవాళ్ళే మా పక్క వాటాలో మిషను స్కూలు మేష్టారూ ఆయన భార్యా. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. బాప్టిస్టు కుటుంబం, పిల్లలు లేరు. మూడో వాటాలో సాలూరు నుంచి వచ్చిన లారీ డ్రైవరు, అతని పెళ్ళాం పిల్లలు. అటు చివరి వాటాలో ఆమదాలవలస ధాన్యం కొట్లో గుమస్తాగా చేసే ముసలాయన, ఆయన భార్య. ఇటు మొదటి వాటాలో మేం ముగ్గురం. మా ఆయనకి రికార్డుల్లో ఏదో పెద్ద పేరుంది గానీ ఇంట్లో తవుడు అనే పిలిచేవారు. ఎందుకంటే ఆయనకి ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, ఈయన పుట్టగానే మా అత్తగారు పక్కింటావిడకి, ధాన్యం కొలిచే తవ్వతో తవ్వెడు తవుడు పుచ్చుకుని అమ్మేసిందట. మా వైపు సంగతి మీకు తెలిసిందే. మనది కాని పిల్లాడి జోలికి మృత్యువు రాదని నమ్మకం. గండం గడిచాక మళ్ళీ తవుడిచ్చి కొనుక్కుంది.

ఇక అసలు సంగతి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం మా వెనక సందులో నిప్పంటుకుంది. తాటాకిళ్ళు కదా, చూస్తుండగానే వరసకి వరస బుగ్గైపోయింది. మా ఆయనా డ్రైవరూ కప్పెక్కి తడి గోనెలు పరిస్తే, మేష్టారూ మేమందరం నూతి నుంచి నీళ్ళందించాం. మా వరస దక్కింది. కాలిపోయిన ఇళ్ళ ముందు ఆడవాళ్ళు కూర్చుని ఏడుస్తుంటే మా అత్తగారు వెళ్ళి వాళ్ళకి గంజి పోసొచ్చి, అరుగు మీద కూర్చుని మా కప్పు వైపు చూసింది. ఇంక నా ఇంటి మీద తాటాకు ఉండకూడదు అంది. ఆనాటి నుంచి ఏడాది పాటు పొదుపు చేసి, దాచుకున్నదంతా ఊడ్చి వాసాలూ దూలాలూ కొంది. పెంకు గోదావరి వైపు నుంచి రావాలి. డ్రైవరు అటు సరుకు దింపి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు విడతలు విడతలుగా తెచ్చిపడేశాడు. కిరాయి కింద ఆవిడ అతనికి పిల్లల జ్వరాలప్పుడు కాచిపోసిన జావలు లెక్కేసుకోమంది. అతనూ నవ్వి ఊరుకున్నాడు. పెంకు వచ్చేస్తోందని ఆ వేసవిలో తాటాకు నేసేవాళ్ళని వెనక్కి పంపేసింది. పాత కప్పు చిల్లులు పడి, పగలు ఇంట్లో చుక్కల్లా వెలుగు పడుతుండేది.

సరిగ్గా అప్పుడు నాకు నెల తప్పింది.

మామూలుగా అయితే ఇంటిల్లిపాదికీ పండగే. కానీ నా మొదటి కాన్పు పుట్టింట్లో జరిగి, మగపిల్లాడు పుట్టి పురుట్లోనే పోయాడు. ఆ తరవాత నేను మనిషినయ్యేసరికి చాలా కాలం పట్టింది. నన్ను మళ్ళీ మనుషుల్లో పడేసింది పక్క వాటా నర్సమ్మగారే. డ్యూటీ నుంచి రాగానే నా దగ్గర కూర్చుని, చీరలకి అంచులు కుట్టించేది, పాటలు పాడించేది, ఏడుపొస్తే ఏడవనిచ్చేది. ఈసారి కాన్పు పుట్టింట్లో వద్దు, నర్సమ్మ చేతి మీదే జరగాలని మా అత్తగారు నిశ్చయించేసుకుంది. మా అమ్మ బాధపడింది గానీ ఆవిడా కాదనలేకపోయింది.

పంతులుగారు వచ్చి ముహూర్తం మాట ఎత్తేసరికి అసలు చిక్కు బయటపడింది. భార్య కడుపుతో ఉండగా భర్త ఇంటి పని తలపెట్టకూడదు, కప్పు విప్పకూడదు, దూలం ఎత్తకూడదు. పురుడయ్యేదాకా ఆగండి అన్నాడాయన. ఆగితే వానాకాలం నెత్తిన పడుతుంది. పైన తాటాకు అంతా చిల్లులే, పెంకు ఇంకా ఎక్కలేదు. మళ్ళీ తాటాకు వేయిద్దామంటే చేతిలో చిల్లిగవ్వ లేదు, ఉన్నా అది కూడా కప్పు పనే. అన్నిటికీ మించిన భయం మరొకటి. కిందటి వానాకాలం తడికి నర్సమ్మగారికి దగ్గు పట్టుకుని ఓ పట్టాన వదల్లేదు. ఈ ఏడు కప్పు మారకపోతే తాము వేరే చోటు చూసుకోవలసి వస్తుందని మేష్టారు చాలా మొహమాటపడుతూ ముందే చెప్పారు. ఆసుపత్రి అవతల ఒక ఇల్లు చూశారు కూడా. మిగతావాళ్ళయితే ఆషాఢం వచ్చిందంటే ఇల్లు మారరు, ఆ ధైర్యం ఇంటిగలవాళ్ళకి ఉంటుంది. వీళ్ళకి ఆషాఢమూ లేదు, శూన్యమాసమూ లేదు, ఏ రోజైనా బండి కట్టేయగలరు.

కప్పు విప్పితే కడుపులో బిడ్డకి ప్రమాదం. విప్పకపోతే ఆ బిడ్డని క్షేమంగా బయటికి తీసే మనిషి వెళ్ళిపోతుంది. ఇవన్నీ మూఢనమ్మకాలని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీండి. ఒక బిడ్డని మట్టిలో పెట్టినదాన్ని, నాకు నవ్వు రాలేదు. నా మూలాన నాలుగు కాపురాలు తడవబోతున్నాయని కుమిలిపోయేదాన్ని. మా ఆయన ఎక్కడైనా అప్పు తెస్తానని తిరిగేవారు గానీ, ఇది అప్పుతో తీరే చిక్కు కాదు కదా. మా అత్తగారు అన్నం సరిగ్గా తినేది కాదు. ఉదయం లేస్తూనే పెరట్లో పేర్చిన పెంకు చుట్టూ ఓసారి తిరిగి, మబ్బు వైపు చూసి, వచ్చి కూర్చునేది.

ఒకరోజు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని పక్క వాటాకి వెళ్ళింది. మేష్టారు బడికి బయల్దేరుతున్నారు. మేష్టారూ, ఈ ఇల్లు మీరు కొనుక్కోవాల అంది. ఆయన ఏదో వేళాకోళానికంటోందనుకుని, నా దగ్గర అంత ఎక్కడుందమ్మా అన్నారు. తవ్వెడు తవుడు చాలు అంది ఆవిడ. నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను.

ఆయనకి విషయం బోధపడడానికి చాలాసేపు పట్టింది. ఇల్లు మనది కానప్పుడు దోషం కూడా మనకి రాదు, కొడుకుని అలాగే దక్కించుకున్నాను, మనవణ్ణీ అలాగే దక్కించుకుంటాను, మీకు ఈ పట్టింపు నేదు కాబట్టి మీ సేతుల మీద కప్పు మార్పించండి, పురుడయ్యాక తవుడిచ్చి కొనుక్కుంటాను అని విడమరిచి చెప్పింది. ఆయన భార్య వైపు చూశారు. మాకు వీటి మీద నమ్మకం లేదమ్మా అన్నారు మెల్లిగా. నమ్మకం నాది, మీది ఇల్లు మాత్రమే అంది మా అత్తగారు. నర్సమ్మగారు నన్ను చూసి, పెరటి దారిన వెళ్ళి, ఎవరి దగ్గర తెచ్చిందో తవ్వతో తవుడు పట్టుకొచ్చి భర్త చేతికిచ్చింది. పంతులుగారిని అడిగితే ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, ఇలా చేయమని శాస్త్రంలో లేదు, చేయకూడదనీ లేదు అని తప్పించుకున్నాడు.

ఈ సంగతి ఊళ్ళో తెలిసి మా చినమామగారు, అంటే మామగారి తమ్ముడు, పరుగున వచ్చారు. కోపిష్టి మనిషి. అరుగు మీద కూర్చోకుండానే మొదలెట్టారు.

"ఏటొదినా, మతుండే సేసినావేటి? పదిమంది ముందల ఇల్లు అమ్మీసినానని నోటితో అన్నావు. రేపు ఆ మేష్టరు నాదే అంటే ఏటి సేస్తావు? అద్దెకున్నోడిని కదపడానికే కోర్టులెమ్మట తిరగాలి. నువ్వు ఏకంగా అమ్మీసినావు."

"నాదే అంటే ఆయనదే అవుతాది మరిదీ. నేను అమ్మినాను కాదేటి?"

"ఉత్తుత్తి అమ్మకం కాదేటి అది?"

"ఉత్తుత్తిదైతే దేముడికి తెలీదేటి? నిజంగానే అమ్మీసినాను. అందుకే నాకూ బయ్యంగానే ఉన్నాది."

ఆవిడ నోట భయం అన్న మాట నేను వినడం అదే మొదలు. చినమామగారు కూడా మెత్తబడి, మంచినీళ్ళు అడిగి పుచ్చుకుని కూర్చున్నారు. ఆవిడకి ఆ నాలుగు వాటాలు తప్ప లోకంలో మరో ఆధారం లేదని అందరికీ తెలుసు.

నిజంగానే అమ్మింది. ఎంత నిజంగా అంటే, మరుసటి నెల ఒకటో తారీఖున మేష్టారి గుమ్మం ముందు నిలబడి మా వాటా అద్దె ఆయన చేతిలో పెట్టింది. ఆయన సిగ్గుపడి పుచ్చుకోనన్నారు. పుచ్చుకోపోతే ఇల్లు మీదెలాగవుతాది అని గద్దించి ఇచ్చింది. డ్రైవరూ గుమస్తాగారూ కూడా అద్దె ఆయనకే ఇవ్వాలని చెప్పింది. ఆ నెలలో డ్రైవరు అద్దె ఆలస్యం చేశాడు. మేష్టారికి అడగడానికి నోరు రాలేదు. మా అత్తగారు అది గమనించి, తోటి అద్దెదారు హోదాలో వెళ్ళి ఆయన్నే చీవాట్లేసింది. ఇంటిగలోడు ఇంత మెత్తగుంటే ఇల్లు నిలబడదు మేష్టారూ అంది. ఇంకోరోజు చేంతాడు అరిగిపోయిందని, ఎప్పుడు మారుస్తారని నిలదీసింది. పాపం ఆయన ఆ సాయంత్రమే కొత్త తాడు కొనుక్కొచ్చారు. దాన్ని చూసి, రెండు ముడులేస్తే ఇంకో ఆర్నెల్లు వచ్చును, ఇలా కర్సు పెడితే ఎలాగ అని మళ్ళీ ఆవిడే సణిగింది. నర్సమ్మగారూ నేనూ వంటింట్లో నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుకున్నాం. అన్ని నెలల తరవాత నేను నవ్వడం అదే మొదలనుకుంటాను.

పని మొదలుపెట్టే రోజున మేష్టారు అరుగు మీద నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. మీ దేముడికి మీరు సెప్పుకోండి, మా దేముడికి నేను సెప్తన్నాను అని మా అత్తగారు నన్ను తీసుకుని గుమస్తాగారి వాటాలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఇల్లు ఇంకొకరిదే అయినా కప్పు విప్పడం నా కంట పడకూడదని ఆవిడ పట్టు. మా ఆయన్ని అటు తిరగకుండా పల్లెకి పంపేసింది.

పనివాళ్ళు ఏ వైపు నుంచి మొదలెట్టాలని మేష్టారిని అడిగారు. మా అత్తగారు ఇంటిగలావిడగా ఉన్నన్నాళ్ళూ ఒక మాట తప్పేది కాదు. ఏటా తాటాకు నేయించేటప్పుడు ముందు అద్దెకున్నవాళ్ళ కప్పులు, అందరివీ అయ్యాక తన కప్పు. ఈసారీ అలాగే తన వాటా చివరికి పెట్టమని చెప్పడానికి గబగబా బయటికొచ్చింది. మేష్టారు వినలేదు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు, ఆ రోజు మాత్రం కాస్త గట్టిగానే అన్నారు, ఇంటివాణ్ణి నేనమ్మా, మీరు అద్దెకున్నారు, మీ వాటాతోనే మొదలవుతుంది అని. ఆవిడ మళ్ళీ లోపలికొచ్చి తలుపేసుకుంది. అలా మా వాటా మొదట అయింది, తరవాత అటు చివర గుమస్తాగారిది, డ్రైవరుది. మేష్టారి వాటాకి తాటాకు విప్పి వాసాలు నిలబెట్టారో లేదో, ఆకాశం విరుచుకుపడింది.

ఆ వాన నాకింకా కళ్ళకి కట్టినట్టే ఉంది. మా వాటాలో కొత్త పెంకు మీద వాన టపటపలాడుతుంటే, చుక్క నీరు కారకుండా పొడిగా కూర్చున్నాం. పక్కనే వాళ్ళ వాటాలోకి ఆకాశం మొత్తం దిగిపోయింది. అందరం పరిగెత్తి మంచాలూ పెట్టెలూ మా వైపు మోసుకొచ్చాం. నన్ను మాత్రం మోయనివ్వలేదు. మేష్టారి పుస్తకాల బీరువా తడిసి ముద్దయింది. ఆయనకి ఆ పుస్తకాలంటే ప్రాణం, నాకు తెలుసు. ఆయన గొడుగు పట్టుకుని భార్యకి పైన అడ్డం పెట్టి నిలబడ్డారే గానీ పుస్తకాల వైపు చూడలేదు. వాన వెలిశాక మూడు నాలుగు రోజులు ఆ పుస్తకాలన్నీ అరుగు మీద పరిచి ఆరబెట్టాం. అక్షరమ్ముక్క రాని మా అత్తగారు పొద్దస్తమానం అక్కడే కూర్చుని, ఒక్కొక్క పేజీ చిరక్కుండా విడదీస్తూ, కొంగుతో అద్దుతూ గడిపింది. మజ్జిగ తాగడానికి కూడా లేవలేదు. నర్సమ్మగారి దగ్గు తిరగబెడుతుందేమోనని రోజూ మిరియాల కషాయం కాచి, ఆవిడ వద్దన్నా వినకుండా తాగించింది.

మార్గశిరంలో, పట్టపగలు, వంటలయ్యే వేళకి మా అమ్మాయి పుట్టింది. నర్సమ్మగారి చేతుల మీదే పుట్టింది. ముందు కాస్త ఊపిరాడక నీలిగా ఉందట, నాకు తెలియనివ్వలేదు. ఆవిడ పిల్లని తలకిందులు చేసి వీపు చరిచి, నోట్లో నోరు పెట్టి ఊదిందని తరవాత చెప్పారు. ఏడుపు వినిపించేసరికి బయట అరుగు మీద మా అత్తగారు లేచి ఆకాశానికి దణ్ణం పెట్టిందట. ఈ గుంటపిల్లని కూడా తవుడుకి అమ్ముదామా అని ఎవరో అడిగితే, మళ్ళీ ఏటి అమ్మడం, దీని కోసం ఇల్లే అమ్మీసినాను అంది.

బారసాల నాడు ఇల్లు తిరిగి కొనుక్కునే తంతు. చినమామగారు ఊరి నుంచి ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటేసుకొచ్చారు, గొడవ తప్పదని ఆయన నమ్మకం. మా అత్తగారు తవ్వతో తవుడు పట్టుకెళ్ళి మేష్టారికి ఇచ్చి, నా ఇల్లు నాకిచ్చీండి బాబూ అంది. మేష్టారు పుచ్చుకోలేదు. ఒక షరతు ఉందమ్మా అన్నారు. చినమామగారు చూశావా అన్నట్టు మా వైపు కళ్ళెగరేసి, పైపంచె సవరించుకుని లేచారు. ఇన్ని నెలలు ఇంటివాడిగా ఉంటే తెలిసింది, మీరు పుచ్చుకునే అద్దె సున్నానికీ పన్నుకీ కూడా చాలదు, మా అద్దె పెంచుతానంటేనే ఇల్లు వెనక్కిస్తాను అన్నారు మేష్టారు.

అద్దెకున్నవాడు అద్దె పెంచమని పట్టుబట్టడం చినమామగారు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. లేచినవారు మళ్ళీ కూర్చున్నారు. మా అత్తగారు వెంటనే వద్దనలేదు సుమండీ, అలా అంటే ఆవిడ మా అత్తగారే కాదు. వేళ్ళు ముడిచి లెక్కేసుకుని, మీరన్నదాంట్లో సగం పెంచుతాను అంది. మేష్టారు సరేనని తవుడు పుచ్చుకున్నారు. నర్సమ్మగారు పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఆ రోజంతా వదల్లేదు.

తరవాత కొన్నాళ్ళకి మేష్టారికి పార్వతీపురం వైపు బదిలీ అయింది. వెళ్ళేటప్పుడు మా అమ్మాయి ఆయన మెడ పట్టుకుని వదలనంది. వాటాల్లోకి ఎందరో వచ్చారు, వెళ్ళారు. మా ఆయన ఉద్యోగం పెరిగింది, అత్తగారి వయసూ పెరిగింది. గోడలు ఒరిగాయి, మరమ్మతు చేయిస్తే ఇల్లు కొత్తగా కట్టినంతవుతుందని తేలాక, అమ్మేద్దామని ఆవిడే అంది. బేరం కుదిరి, రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజు రాసేటాయన కాగితం చదివి వినిపిస్తున్నాడు. ఈ ఇంటిని ఇదివరకు మరెవరికీ విక్రయించి యుండలేదు అన్న మాట దగ్గర ఆవిడ చెయ్యెత్తి ఆపింది. అమ్మినాను బాబూ, ఒకసారి అమ్మినాను అంది.

కొనేవాళ్ళ మొహాలు పాలిపోయాయి. మా ఆయన తల పట్టుకుని, అది వేరే అమ్మా, అది లెక్కలోకి రాదు అని ఎంత నచ్చజెప్పినా వినదు. లెక్కలోకి రాకపోతే ఈ గుంట ఎలా బతికినాది అని నా కూతుర్ని చూపించింది. అప్పటికి అది కాలేజీలో చదువుతోంది. అబద్ధం మీద వేలిముద్ర వెయ్యనని లేచి వచ్చేసింది. మేష్టారు అప్పటికే కాలం చేశారు. చేసేది లేక మా ఆయన వెళ్ళి నర్సమ్మగారిని వెంటబెట్టుకొచ్చారు. తెల్లబడిన జుట్టు, చేతిలో కర్ర, రైలు దిగి ఎండన పడి వచ్చింది. దస్తావేజు రాసేటాయన, ఈమె సంతకం అవసరం లేదండీ అంటే, కాయితానికి అవసరం నేదు, నాకవసరం అంది మా అత్తగారు. నర్సమ్మగారు ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుని, అందరికీ వినపడేలా, ఇల్లు మీది మీకు ఇచ్చేశామమ్మా, మాకేమీ హక్కు లేదు అంది. అని, సాక్షి సంతకం పెట్టింది. అప్పుడు మా అత్తగారు బొటనవేలు ముందుకు చాపింది.

ఆఫీసు మెట్లు దిగేటప్పుడు మా ఆయన చెయ్యి అందిస్తే ఆవిడ పుచ్చుకోలేదు. నేను పట్టుకోబోయినా తోసేసింది. నర్సమ్మగారి చెయ్యి పట్టుకుంది. ఒకరి మీద ఒకరు ఆనుకుని, ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఒకరికి ఆయాసం, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగారు. ఒకరు ఇంటిగలావిడ, ఒకరు అద్దెకున్నావిడ. వెనక నుంచి చూస్తే ఎవరు ఎవరో నాకే తెలియలేదు.

మా అమ్మాయిని తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. ఉద్యోగం చేసుకుంటూ, మెయింటెనెన్సులూ రంగులూ పన్నులూ అన్నీ చక్కగా చూసుకుంటుంది. ఎవరి దగ్గరా మాట పడదు. మా అత్తగారున్నా మెచ్చుకునేది. మొన్న కొత్తగా ఎవరో అద్దెకి దిగారట. వాళ్ళావిడకి ఏడో నెలని బ్రోకరు చెప్పాడట. మా అమ్మాయి ఆ మాట చెబుతూనే ఫోన్ పక్కన పెట్టి వేరే పనిలో పడింది. నేను ఆ ఫ్లాటుకి ఎలా వెళ్ళాలో, ఏ బస్సెక్కాలో కనుక్కుని పెట్టుకున్నాను. వెళ్ళి తలుపు కొడితే ఎవరండీ మీరు అని అడుగుతుంది కదా ఆ పిల్ల. ఏమని చెప్పను, ఇంటిగలవాళ్ళమని చెబితే అద్దె కోసం వచ్చారనుకుని భయపడుతుందేమో.